ఒక విద్యార్థి, ఒక మనిషి, ఒక ఏడాది: సైకాలజీ సిలబస్ రాసే పెద్దలకు బహిరంగ లేఖ

విశ్వవిద్యాలయాల్లో సైకాలజీ పాఠ్యప్రణాళిక తయారుచేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు, విభాగాధిపతులకు,

నమస్కారం.

నేను సైకాలజీలో పీజీ చేశాను. స్పెషలైజేషన్ హెల్త్ సైకాలజీ. ఆఖరి సంవత్సరం పరీక్షలో హెల్త్ బిలీఫ్ మోడల్ మీద వచ్చిన పెద్ద ప్రశ్నకు పటం గీసి, పేజీలు నింపి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఆ మోడల్ 1950లలో అమెరికా ప్రజారోగ్య శాఖలో పుట్టిందనీ, క్షయ పరీక్షకు ఉచితంగా ఎక్స్‌రే తీస్తామన్నా జనం ఎందుకు రావడం లేదన్న ప్రశ్నే దానికి మూలమనీ ఇప్పటికీ గుర్తుంది. జబ్బు తనకు రాగలదని మనిషి ఎంత నమ్ముతున్నాడు, వస్తే ఎంత ప్రమాదం అనుకుంటున్నాడు, చెప్పినట్టు చేస్తే ఏం లాభం, చేయడానికి ఏం అడ్డు. ఇవన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.

ఆర్నెల్ల తర్వాత ఒక ఆసుపత్రి డయాలసిస్ విభాగంలో ఉద్యోగంలో చేరాను. మొదటి వారంలోనే అరవై దాటిన ఒక పెద్దాయన దగ్గరికి పంపారు. వారానికి మూడుసార్లు వస్తారు, వచ్చినప్పుడల్లా దాదాపు నాలుగు గంటలు మిషన్ మీద ఉంటారు. కిడ్నీలు పనిచేయవు కాబట్టి తాగిన నీళ్ళు బయటికి పోయే దారి లేదు, ఒంట్లోనే చేరతాయి. రోజుకు లీటరు దాటొద్దని డాక్టరు చెప్పారు. ఆయనేమో ప్రతిసారీ డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండాల్సిన బరువు) కంటే నాలుగు కిలోలు ఎక్కువతో వస్తున్నారు. "మీరు మాట్లాడి నీళ్ళు తగ్గించేలా చూడండి" అన్నారు నాతో. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఎక్కువ తాగితే గుండె మీద ఎంత భారం పడుతుందో, ఊపిరితిత్తుల్లోకి నీరు ఎలా చేరుతుందో, తగ్గిస్తే ఎంత తేలిగ్గా ఉంటుందో వరసగా చెప్పాను. ఆయన అంతా ఓపికగా విని, "తెలియక తాగుతున్నాననుకుంటున్నావా తల్లీ?" అన్నారు. గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

నా దగ్గర రెండో మాట లేదు. చదివిన చదువంతా ఆ ఒక్క ప్రశ్న దగ్గర అయిపోయింది.

అప్పటి నుంచి ఇదే పనిలో ఉన్నాను. మా విభాగానికి కొత్తగా వచ్చే విద్యార్థుల్లో, ఇంటర్న్‌షిప్ కోసం నాలుగు వారాలు గడిపి వెళ్ళేవాళ్ళలో ఆనాటి నన్నే చూస్తున్నాను. తెలివైన పిల్లలు. మనసున్న పిల్లలు. మోడళ్ళ పేర్లన్నీ వచ్చు. మంచం పక్కన నిలబడేసరికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. తప్పు వాళ్ళది కాదు. మనం వాళ్ళను అక్కడికి తీసుకెళ్ళకుండానే పట్టా ఇస్తున్నాం.

నేను అడగదలచింది ఒకటే. ఆరోగ్యం, సంక్షేమం ప్రధానాంశంగా సైకాలజీ చదివే ప్రతి విద్యార్థికీ, దీర్ఘకాలిక జబ్బుతో బతుకుతున్న ఒక మనిషిని ఏడాది పాటు దగ్గరగా తెలుసుకునే ఏర్పాటును సిలబస్‌లో చేర్చండి. చికిత్స చేయడానికి కాదు, కౌన్సెలింగ్ ఇవ్వడానికీ కాదు. తెలుసుకోవడానికి. ఎందుకు అడుగుతున్నానో కాస్త వివరంగా చెప్పనివ్వండి.

మన శాస్త్రం దగ్గర సరుకు లేదని నేను అనను. 1995లో జానిస్ కీకాల్ట్ గ్లేజర్ బృందం వైద్య పత్రిక లాన్సెట్‌లో ప్రచురించిన పరిశోధనను మీరంతా బోధించే ఉంటారు. ముంజేతి మీద 3.5 మిల్లీమీటర్ల చిన్న గాయం చేసి, అది మానడానికి ఎన్నాళ్ళు పడుతుందో చూశారు. ఒత్తిడిలో ఉన్నవాళ్ళకు సగటున 9 రోజులు ఆలస్యంగా మానింది. నా నోట్సులో ఇది "ఒత్తిడి గాయం మానడాన్ని ఆలస్యం చేస్తుంది" అన్న ఒక్క వాక్యంగా ఉండేది. రెండు మార్కుల ప్రశ్నకు సరిపోయేది. ఆ ఒత్తిడిలో ఉన్నవాళ్ళు ఎవరో మాకెవరూ ఆగి చెప్పలేదు. మతిమరుపు వ్యాధితో ఉన్న తమవాళ్ళను ఇంట్లో పెట్టుకుని చూసుకుంటున్న 13 మంది స్త్రీలు. రాత్రి నిద్ర లేదు, పగలు ఆ ఇంటి నుంచి కదలడానికి లేదు, తల్లో భర్తో ఎదురుగానే ఉన్నా తమను గుర్తుపట్టని స్థితి. ఆ 9 రోజుల వెనక ఉన్నది ఈ జీవితం.

మా విభాగంలో నాలుగు గంటల డయాలసిస్ జరుగుతున్నంతసేపూ బయట బెంచీల మీద కూర్చునే వాళ్ళున్నారు. భార్యలు, కోడళ్ళు, చదువు మానుకున్న ఒక కొడుకు. లోపల ఉన్న మనిషి బీపీ గంటగంటకీ రాసుకుంటాం. బయట ఉన్న మనిషి ఎలా ఉన్నారని అడిగే కాలమ్ మా ఏ ఫారంలోనూ లేదు. లాన్సెట్ వ్యాసం చదివిన నేనే చాలా నెలలు ఆ బెంచీల ముందు నుంచి తలవంచుకుని నడిచిపోయాను. చదివినదానికీ కళ్ళ ముందున్నదానికీ ముడి పడలేదు. ఒకరోజు పెద్దాయన భార్య తన చేతి మీద వేడి నూనె పడిన గాయం చూపించి "నెల దాటింది, ఇంకా పచ్చిగానే ఉందమ్మా" అన్నప్పుడు ముడి పడింది. ఆమె గాయం ఆలస్యానికి ఒత్తిడే కారణమని నేను చెప్పలేను. ఒక్క మనిషిని చూసి అలా తేల్చకూడదని కూడా మన శాస్త్రమే నేర్పింది. డాక్టరుకు చూపించమన్నాను. కానీ ఆ రోజే మొదటిసారి ఆమె పక్కన కూర్చుని, ఆమె ఎన్ని గంటలు నిద్రపోతోందో అడిగాను.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్నకు వస్తాను. తెలియక కాదు సరే, మరి ఎందుకు తాగుతున్నారు? దానికి జవాబు దొరకడానికి నాకు అయిదు నెలలు పట్టింది. ఆయన దాహం ఒకటి కాదు. ఉప్పు ఎక్కువైన రోజు దాహం ఒక రకం. వాడుతున్న మందుల వల్ల నోరెండి వచ్చేది ఇంకో రకం, దానికి పుక్కిలించినా సరిపోతుంది. మూడోది డయాలసిస్ అయిపోయిన సాయంత్రాలది. నాలుగు గంటలు మిషన్‌కు కట్టుబడి ఇంటికి చేరాక, ఒంట్లో శక్తంతా పిండేసినట్టు ఉన్నప్పుడు, "ఇవాళంతా వాళ్ళు చెప్పినట్టే విన్నాను, ఈ ఒక్క గ్లాసు మాత్రం నా ఇష్టం" అనిపించేదట. ఆ గ్లాసు ఆయనకు నీళ్ళు కాదు, తన జీవితం మీద తనకు మిగిలిన పెత్తనం. అది తెలిశాకే డాక్టరుతో, నర్సులతో, ఆయనతో కలిసి కూర్చుని వేరే చోట ఆయనకు పెత్తనం దొరికేలా చూశాం. ఏ షిఫ్టులో రావాలి, రోజు మొత్తంలో ఆ లీటరును ఎలా పంచుకోవాలి అన్నవి ఆయనే నిర్ణయించుకున్నారు. సీసా మీద గీతలు గీసుకున్నారు. నాలుగు కిలోలు రెండున్నరకు వచ్చాయి. కొన్ని వారాలు మళ్ళీ పెరిగాయి, మళ్ళీ తగ్గాయి.

ఈ అయిదు నెలల పనిని నాలుగు వారాల ఇంటర్న్‌షిప్‌లో ఎవరు నేర్చుకోగలరు? అలవాటు 21 రోజుల్లో స్థిరపడుతుందని బయట ఎక్కడ చూసినా రాస్తుంటారు. ఫిలిప్పా లాలీ బృందం 96 మంది మీద చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక కొత్త అలవాటు దానంతటది జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా (సగం మందికి అంతలోపు, సగం మందికి అంతకు మించి) 66 రోజులు పట్టింది. మనిషికీ మనిషికీ తేడా చూస్తే 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది. 254 రోజులంటే ఎనిమిది నెలలు దాటిన మాట. మార్పు అంత నెమ్మదిగా జరిగేచోట, ఒక సెమిస్టరులో నాలుగు వారాలు కేటాయిస్తే విద్యార్థి చూసేది మార్పును కాదు, ఒక ఫొటోను. జారిపడటాన్ని, మళ్ళీ లేవడాన్ని చూడని విద్యార్థి రేపు ఉద్యోగంలో చేరి రోగి మొదటిసారి జారగానే "ఈయన సహకరించడం లేదు" అని ఫైల్లో రాస్తాడు. ఆ మాట నేనూ రాశాను. దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్ళలో, అభివృద్ధి చెందిన దేశాల్లో సైతం, చికిత్సను సూచించినట్టే పాటించేవాళ్ళు సగటున సగం మందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే నివేదిక ఇచ్చింది. సగం మంది మనుషులు మొండివాళ్ళు అయ్యుండరు కదా.

తరగతి గదిలోనే నేర్పేయొచ్చని మనం అనుకునే విషయాలు కూడా మనిషి ఎదురుగా ఉంటే తప్ప అర్థం కావని చెప్పడానికి ఇంకొక ఉదాహరణ. కుంగుబాటును అంచనా వేసే పీహెచ్‌క్యూ 9 ప్రశ్నావళి అందరికీ తెలుసు. 2001 నుంచి వాడుకలో ఉంది. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు, మొత్తం 27. పది గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే మధ్యస్థ స్థాయి కుంగుబాటు ఉండొచ్చని గమనించాలి. ఇంత వరకు పుస్తకంలో ఉంది. డయాలసిస్ మనిషి చేతికి ఆ కాగితం ఇవ్వండి. నిద్ర సరిగా లేదా? లేదు, కాళ్ళు లాగేస్తాయి. మూడు. అలసట? ప్రతిరోజూ. మూడు. ఆకలి? రక్తంలో మలినాలు పేరుకుంటే నోరు చేదు. మూడు. ఏకాగ్రత కుదరడం లేదా? ఒకటి వేసుకోండి. పదికి చేరాం. దిగులు గురించీ, దేని మీదా ఆసక్తి లేకపోవడం గురించీ ఇంకా అడగనే లేదు. మరి ఈ మనిషికి ఉన్నది కుంగుబాటా, కిడ్నీ జబ్బా, రెండూనా? ఆ స్కోరును ఎలా చదవాలి? ఏ ప్రశ్నల జవాబులను విడిగా చూడాలి? కొలమానాల చెల్లుబాటు (కొలవాల్సినదాన్నే కొలుస్తోందా), విశ్వసనీయత (ప్రతిసారీ ఒకేలా కొలుస్తోందా) అంటూ మేము బట్టీపట్టిన అధ్యాయం మొత్తం ఈ ఒక్క కాగితం మీద ప్రాణం పోసుకుంటుంది. గణాంకశాస్త్రం అంటే భయపడే విద్యార్థులు నాకు చాలామంది తెలుసు. ఈ ప్రశ్న ముందు కూర్చున్నప్పుడు వాళ్ళే "అయితే దీన్ని ఎలా పరీక్షించాలి?" అని అడిగారు. కాబట్టి దయచేసి నా విన్నపాన్ని అంకెలు తగ్గించమన్న మాటగా తీసుకోవద్దు. 2015లో సైకాలజీలోని 100 అధ్యయనాలను మళ్ళీ చేసి చూస్తే 36 శాతంలోనే గణాంకపరంగా చెప్పుకోదగ్గ ఫలితం వచ్చింది. అలాంటి శాస్త్రాన్ని చదివేవాళ్ళకు అంకెలు ఇంకా గట్టిగా రావాలి.

నాకు చాలా బాధ కలిగించిన విషయం ఒకటి చెప్పాలి. మా డయాలసిస్ గది పక్కనే కీమోథెరపీ గది. అక్కడి ఒకావిడ నన్ను పిలిచి, గొంతు తగ్గించి అడిగింది: "అన్నీ లోపల దాచుకునే మనిషికి ఈ జబ్బు వస్తుందటగా. నేను నోరు తెరిచి ఎవరినీ ఏమీ అనలేదు. అందుకే వచ్చిందా?" ఆ మాట ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. కానీ నా పాత నోట్సులో మాత్రం ఉంది. క్యాన్సర్ రావడానికి అనువైన వ్యక్తిత్వం అంటూ ఒక శీర్షిక, కింద లక్షణాలు, నాలుగు మార్కులు. అలాంటి వాదనలను బలంగా వినిపించినవారిలో హాన్స్ ఐసెంక్ ఒకరు. మన శాస్త్రంలో ఎంత పెద్ద పేరో మీకు చెప్పనక్కర్లేదు. రోనాల్డ్ గ్రాసార్ట్ మాటిచెక్‌తో కలిసి వ్యక్తిత్వానికీ ప్రాణాంతక జబ్బులకూ ముడిపెడుతూ ఆయన రాసిన 26 పరిశోధన పత్రాలు నమ్మదగినవి కావని కింగ్స్ కాలేజ్ లండన్ విచారణ 2019లో తేల్చింది. తర్వాత వాటిలో కొన్నింటిని పత్రికలు ఉపసంహరించుకున్నాయి. మన గదుల్లో రాసిన ఒక తప్పు శీర్షిక నలుగురి నోళ్ళలో నాని, చివరికి సూది గుచ్చుకుని కూర్చున్న మనిషి దగ్గరికి నేరారోపణగా చేరుతుంది. "కాదమ్మా, మీ స్వభావం వల్ల రాలేదు" అని నేను ఆమెకు చెప్పాను. ఆమె ఏడ్చింది. ఆ ఏడుపు విన్న విద్యార్థి ఎవరూ ఏ సిద్ధాంతాన్నీ పరీక్షించకుండా మరో మనిషి మీద మోపరు. ఆ ఒక్క కారణం చాలు నా విన్నపానికి.

సంక్షేమం అన్న మాట మీద కూడా కొంచెం చెప్పాలి. 1946లో ఆమోదించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగం ఆరోగ్యాన్ని శారీరకంగా, మానసికంగా, సామాజికంగా పూర్తి క్షేమంగా ఉండటం అని నిర్వచించింది. మూడో మాట సామాజికం. 1977లో అమెరికా వైద్యుడు జార్జ్ ఎంగెల్ వైద్యానికి కొత్త నమూనా కావాలని వాదించినప్పుడూ దేహం, మనసు, సమాజం మూడింటినీ కలిపే చెప్పారు. మన సిలబస్సుల్లో సంక్షేమం యూనిట్ తెరిస్తే మటుకు శ్వాస వ్యాయామాలు, కృతజ్ఞతల డైరీ, సానుకూల ఆలోచన. వాటిలో పనికొచ్చేవి ఉన్నాయి, నేనూ నేర్పుతాను. కానీ లండన్‌లో 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం ఏం చూపించింది? అందరూ ప్రభుత్వోద్యోగులే, ఎవరూ తిండికి లేనివాళ్ళు కాదు. అయినా హోదాలో ఒక్కో మెట్టు దిగుతున్నకొద్దీ మరణాల రేటు పెరుగుతూ పోయింది. పొగతాగడం లాంటి అలవాట్లు ఆ తేడాలో కొంత భాగాన్నే వివరించాయి. అలాంటప్పుడు క్షేమమంతా మనిషి ఆలోచనా తీరులోనే ఉందన్నట్టు ఎలా బోధిస్తాం? ఒక మనిషిని ఏడాది చూసిన విద్యార్థికి ఇది విడిగా చెప్పక్కర్లేదు. డయాలసిస్ రోజున పనికి సెలవు దొరకనివాడికి షిఫ్టు మార్పు శ్వాస వ్యాయామం కన్నా ముందు కావాలని వాళ్ళే గుర్తిస్తారు.

ఇది ఎలా చేయాలంటారా? నేను ఆలోచించిన మేరకు చెబుతాను, మీరు సరిదిద్దండి. ఒక్కో విద్యార్థికీ ఒక్క మనిషి. మధుమేహం కావచ్చు, ఉబ్బసం, గుండె జబ్బు, కీళ్ళ నొప్పులు, కిడ్నీ జబ్బు, క్యాన్సర్ తర్వాతి జీవితం కావచ్చు. నెలకు రెండుసార్లు కలవాలి. వాళ్ళతో డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, మందుల షాపు క్యూలో నిలబడాలి, వాళ్ళు ఒప్పుకుంటే ఇంటివాళ్ళతో మాట్లాడాలి. సలహా ఇవ్వకూడదు, ఇది కచ్చితమైన నిబంధనగా ఉండాలి. డిగ్రీ చదువుతున్నవాళ్ళు థెరపిస్టులు కారన్న సంగతి కూడా దీనివల్లే వాళ్ళకు మొదట్లోనే స్పష్టమవుతుంది. అడ్మిషన్ రోజునే ఆ మాట చెప్పాల్సింది, చాలాచోట్ల చెప్పడం లేదు.

ఒప్పుకున్న మనిషికి కారణం చెప్పకుండా ఏ రోజైనా మానేసే హక్కుండాలి. పేరు, ఆనవాళ్ళు ఏ రికార్డులోకీ రాకూడదు. వారానికోసారి అయిదారుగురు విద్యార్థులు ఒక సూపర్‌వైజర్‌తో కూర్చుని ఏం చూశారో, ఏం అర్థం కాలేదో మాట్లాడుకోవాలి. ఆత్మహత్య ఆలోచన లాంటి ప్రమాదం కనబడితే ఎవరికి, ఎంతసేపట్లో చెప్పాలో ముందే రాసిపెట్టుండాలి. మార్కులు లావుపాటి ప్రాజెక్టు రిపోర్టుకు కాక, ఏడాది మొదట్లో ఆ మనిషి గురించి తాను అనుకున్నదాంట్లో ఏది తప్పని తేలిందో, ఏ పరిశోధన దాన్ని అర్థం చేసుకోవడానికి సాయపడిందో, ఏది సాయపడలేదో చెప్పే వైవాకు ఇవ్వాలి.

విద్యార్థులు ఎక్కువ, ఆసుపత్రులు తక్కువ అంటారు. అందుకే ఆసుపత్రి మంచాల మీదే ఆధారపడొద్దంటున్నాను. దీర్ఘకాలిక జబ్బుతో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది ఎక్కువ కాలం గడిపేది ఇళ్ళలోనే, పనిచేసే చోట్లలోనే. రోగులకు భారం కాదా అని కొందరు అడిగారు. కొందరికి అవుతుంది, వాళ్ళను అడగొద్దు. కానీ తమను సరిచేయాలని రాకుండా వినడానికే వచ్చే మనిషి కోసం ఎదురుచూసేవాళ్ళను నేను రోజూ చూస్తున్నాను. వైద్య విద్యలో ఇలాంటి దారి ఇప్పటికే ఉంది. హార్వర్డ్ మెడికల్ స్కూల్ 2004లో అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో మొదలుపెట్టిన పద్ధతిలో విద్యార్థులు ఒక విభాగం నుంచి మరో విభాగానికి మారుతూ పోకుండా, ఏడాది పొడుగునా అదే రోగుల వెంట ఉంటారు. శరీరం గురించి నేర్చుకునేవాళ్ళకే అంత అవసరమైతే మనసు గురించి నేర్చుకునేవాళ్ళ సంగతేమిటి?

విద్యార్థుల క్షేమం గురించి ఒక్క మాట. సైకాలజీలో చేరేవాళ్ళలో సొంత గాయంతో వచ్చేవాళ్ళు చాలామంది. ఇంట్లో ఇదే జబ్బుతో ఎవరినో పోగొట్టుకున్న అమ్మాయికి అలాంటి మనిషినే అప్పగించొద్దు. తాను కలుస్తున్న మనిషి ఏడాది మధ్యలో చనిపోవచ్చు కూడా. అలా జరిగితే ఆ విద్యార్థితో ఎవరు మాట్లాడతారో విభాగం ముందే నిర్ణయించుకోవాలి.

ఆ పెద్దాయన మూడేళ్ళు మా విభాగానికి వచ్చారు. వెళ్ళిపోయే ముందు నెలల్లో, ఇంటర్న్‌షిప్‌కు వచ్చిన పిల్లలను ఆయనే పిలిచి గీతల సీసా చూపించి, మూడు రకాల దాహాల గురించి చెప్పేవారు. వాళ్ళు నోట్సు రాసుకోబోతే "ముందు విను, తర్వాత రాసుకుందువు గాని" అనేవారు. ఆయన పోయాక ఆ సీసా ఆయన భార్య నాకిచ్చింది. నా టేబుల్ మీద ఉంది.

మీ తదుపరి బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశం ఎజెండాలో ఈ ప్రతిపాదనను ఒక అంశంగా చేర్చండి. మొత్తం కోర్సుకు ఇప్పుడే కుదరకపోతే పదిమంది విద్యార్థులతో ఒక ఏడాది ప్రయత్నించి చూడండి. ముసాయిదా రాయడానికి, సూపర్‌వైజర్లకు శిక్షణ ఇవ్వడానికి, ఒప్పుకునే మనుషులను వెతకడానికి నాలాంటి వాళ్ళం సిద్ధంగా ఉన్నాం. పిలవండి, వస్తాం.

ఇట్లు,
మీ దగ్గర చదువుకుని, డయాలసిస్ విభాగంలో పనిచేస్తున్న ఒక పూర్వ విద్యార్థిని